ముందు ఇల్లు, తరువాత మొక్క

పల్లె ఇళ్లలో బస చేసి మొక్కలు నాటే విద్యార్థి యాత్రలు మన యౌవనులకు ఏమి నేర్పుతాయి?

ప్రభువైన యేసు డెబ్బదిమంది శిష్యులను ఇద్దరిద్దరిగా ఊళ్లకు పంపినప్పుడు ఇచ్చిన ఉపదేశాన్ని లూకా సువార్త 10వ అధ్యాయంలో చదువుతాం. 5 నుండి 8 వరకు ఉన్న వచనాలు మరొకసారి చూడండి. అక్కడ ఒక ఇంటి సంగతి ఉంది. ఇంట్లో అడుగు పెట్టగానే ఆ ఇంటికి సమాధానం పలకాలి. ఆ ఇంట్లోనే ఉండాలి. వాళ్లు ఏది పెడితే అది తినాలి. పక్క వీధిలో ఇంతకంటే మంచి ఇల్లు దొరికిందని మారిపోకూడదు. రోగులను స్వస్థపరచడం గురించీ, దేవుని రాజ్యం సమీపించిందని ప్రకటించడం గురించీ చెప్పిన మాటలు ఆ తరువాత, 9వ వచనంలో వస్తాయి. ఇల్లు ముందు, పని తరువాత.

ఈ వరుస ఇప్పుడు మరో విధంగా మన ముందుకు వస్తోంది. అనేక దేశాలలో హైస్కూలు, కాలేజీ విద్యార్థులు గుంపులుగా పల్లెలకు వెళ్తున్నారు. హోటల్లో దిగరు. గ్రామస్థుల ఇళ్లలో ఒకరిద్దరు చొప్పున బస చేస్తారు. పగలు మొక్కలు నాటుతారు, సాయంత్రం ఆ ఇంటివారితో కూర్చుని భోజనం చేస్తారు. వినడానికి ఎంతో బాగుంది. కాని ఆ యాత్రవల్ల నిజంగా మేలు పొందేది ఎవరు? వెళ్లినవారా, చేర్చుకున్నవారా? నాటిన మొక్క బ్రతుకుతుందా? మన సంఘాల యౌవనులు కూడా వేసవి శిబిరాలకూ, గ్రామ దర్శనాలకూ వెళ్తున్నారు గనుక ఈ ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి.

ఈ విధమైన యాత్రలు చాలాకాలంగా జరుగుతున్న ఒక చోటును చూద్దాం. అది మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో, సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న మోంటెవెర్డే అనే కొండప్రాంతం. ఆ పేరుకు పచ్చని కొండ అని అర్థం. ఆ పేరు పెట్టినవారు మనస్సాక్షి కోసం చెరసాలకు వెళ్లిన విశ్వాసుల సహవాసానికి చెందినవారు.

చెరసాల నుండి కొండమీదికి

1948లో అమెరికా ప్రభుత్వం యువకులు సైనిక సేవ కోసం పేర్లు నమోదు చేసుకోవాలని చట్టం చేసింది. అలబామా రాష్ట్రంలోని ఫెయిర్‌హోప్ అనే ఊళ్లో క్వేకర్ విశ్వాసుల సంఘం ఒకటి ఉండేది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధవల్ల మొదలైన సహవాసం వారిది. ఆరాధనలో మౌనంగా కూర్చుని దేవుని కొరకు కనిపెట్టడం, ఆయుధం పట్టకపోవడం వారి పద్ధతి. మహబూబ్‌నగర్ ప్రాంతంలో మనకు తెలిసిన మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాల పూర్వికులవలె వీరు కూడా యుద్ధం క్రీస్తు మార్గం కాదని నమ్మినవారు.

మనస్సాక్షి కారణంగా మినహాయింపు కోరుకునే వీలు ఆ చట్టంలో ఉంది. కాని పేరు నమోదు చేసుకోవడమే యుద్ధ సన్నాహంలో భాగమవుతుందని నలుగురు యువకులు తలంచారు. నమోదుకు నిరాకరించారు. 1949లో న్యాయస్థానం వారికి ఏడాది ఒక రోజు శిక్ష వేసింది. కొన్ని నెలలు చెరసాలలో గడిపి వారు బయటికి వచ్చారు. ఆ నలుగురిలో విల్‌ఫోర్డ్ గిండన్ అనే యువకుడు ఒకడు. అతని పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అదే రోజుల్లో కోస్టారికాలో ఒక వింత జరిగింది. అంతర్యుద్ధం ముగిసిన తరువాత, 1948 డిసెంబరు 1వ తేదీన ఆ దేశ నాయకుడు హోసే ఫిగెరెస్ సైన్యాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించాడు. సైనిక స్థావరపు గోడను సుత్తితో కొట్టి ఆ నిర్ణయాన్ని ప్రజలకు చూపించాడు. 1949 రాజ్యాంగంలో అది స్థిరపడింది. ఈ సంగతి విన్న ఫెయిర్‌హోప్ క్వేకర్లలో పదకొండు కుటుంబాలవారు, సుమారు 44 మంది, ఆ దేశానికి తరలివెళ్లారు. 1951లో మోంటెవెర్డేలో భూమి కొన్నారు. అప్పట్లో అక్కడికి ఎద్దుబండ్ల బాటే దిక్కు. పాలు కొండ దిగేలోపే పాడైపోతాయి గనుక 1950లలోనే చీజ్ తయారుచేసే కర్మాగారం పెట్టుకున్నారు. చుట్టుపక్కల ఉన్న స్థానిక రైతులు కూడా దానికి పాలు పోయసాగారు. పిల్లల కోసం బడి తెరిచారు.

ఒక పని మాత్రం వారు దూరదృష్టితో చేశారు. కొన్న భూమిలో ఊటలకు ఆధారమైన పై భాగాన్ని, 554 హెక్టార్లు, అంటే సుమారు 1,370 ఎకరాల అడవిని, ఎవరూ నరకకూడదని కట్టుబాటు చేసుకున్నారు. పశువులకూ మనుషులకూ నీళ్లు కావాలన్నదే వారి ఆలోచన. అడవి సంరక్షణ అన్న పెద్దమాట అప్పుడు ఎవరి నోటా లేదు.

నరికిన చేతులే నాటాయి

ఇక్కడ దాచకుండా చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ విశ్వాసులు కూడా మిగిలిన భూమిలో అడవిని నరికే పచ్చికబయళ్లు చేశారు. ఆ రోజుల్లో కోస్టారికా అంతటా అదే జరిగింది. అడవిని కొట్టి బాగుచేసినవాడికే భూమిమీద హక్కు దొరికేది. గొడ్డుమాంసం ఎగుమతికి మంచి ధర పలికేది. 1940లలో ఆ దేశంలో నాలుగింట మూడు వంతులు అడవి ఉండగా, 1980ల నాటికి అది సుమారు నాలుగో వంతుకు పడిపోయింది.

చెట్లు పోయాక గాలి వచ్చింది. మోంటెవెర్డేలో డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు ఈశాన్యపు గాలులు భీకరంగా వీస్తాయి. అడ్డు లేని బయళ్లలో ఆవులు చలికి వణికి పాలు తగ్గించాయి. గడ్డి ఎండింది. తోటల్లో కొమ్మలు విరిగాయి. 1986లో ఆ ప్రాంతపువారు కూడి ఏర్పాటు చేసుకున్న మోంటెవెర్డే సంరక్షణ సంఘం 1980ల చివర ఈ సమస్య చేపట్టింది. అడవి గురించి ఉపన్యాసాలతో మొదలుపెట్టలేదు. మీ ఆవులకు గాలి అడ్డం పెట్టుకుందామా అని రైతును అడిగింది. వందలాది రైతులు తమ బయళ్ల గట్లమీద వరుసలుగా లక్షల మొక్కలు నాటారు. స్థానికమైన చెట్లతోపాటు వేగంగా పెరిగే సరుగుడు కూడా అందులో ఉంది. మన నెల్లూరు, ప్రకాశం తీరాల్లో ఇసుకమేటల మీద చూసే సరుగుడే!

ఆ వరుసలు ఎదిగాక ఎవరూ అనుకోని మరో మేలు కలిగింది. అడవి పక్షులు ఆ చెట్లమీద వాలి, తిన్న పండ్ల గింజలను కింద రాల్చాయి. ఖాళీ పచ్చికలో కంటే ఆ గాలి అడ్డు వరుసల కింద అడవి మొక్కలు ఎన్నో రెట్లు ఎక్కువగా మొలిచాయని పరిశోధకులు గమనించారు. మనుషులు ఆవుల కోసం నాటారు. పక్షులు అడవి కోసం నాటాయి. ఆకాశపక్షులను పోషించే తండ్రి వాటిచేతనే తన తోటపని చేయించుకుంటున్నాడని తోచదా?

విద్యార్థులు తెరిచిన తలుపు

మోంటెవెర్డే కథలో విద్యార్థుల పాత్ర మొదటినుండీ ఉంది. 1970 ప్రాంతంలో జార్జ్ పావెల్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థి పక్షులను గురించి చదువుకోడానికి అక్కడికి వచ్చాడు. కొండపైన అడవి తరిగిపోవడం చూసి కలత చెందాడు. అతనికి తోడుగా నిలిచినవాడు, పద్దెనిమిది ఇరవై ఏళ్లుగా ఆ కొండలో గొడ్డలి పట్టి బయళ్లు చేసుకున్న విల్‌ఫోర్డ్ గిండన్! వారిద్దరి పూనికతో, ఒక శాస్త్రపరిశోధన సంస్థ అండతో 1972లో మేఘారణ్య రక్షణక్షేత్రం ఏర్పడింది. యుద్ధానికి వెళ్లనని చెరసాలకు వెళ్లినవాడు తన గొడ్డలిని పక్కన పెట్టి, ఆ అడవికి కావలివాడయ్యాడు. 2016లో కన్నుమూసేవరకు ఆయన పేరు ఆ అడవితో పెనవేసుకుపోయింది.

తరువాత 1987లో స్వీడన్ దేశంలో ఫాగర్విక్ అనే పల్లెబడి పిల్లలు తమ ఉపాధ్యాయురాలు ఏహా కెర్న్ దగ్గర వర్షారణ్యాల గురించి పాఠం విన్నారు. అడవి పోతుంటే మనం కొని కాపాడకూడదా అని అడిగారు. పాటలు పాడి, నాటికలు వేసి, చిల్లర పోగుచేసి కొన్ని ఎకరాలకు సరిపడే సొమ్ము మోంటెవెర్డేకు పంపారు. ఆ మాట దేశదేశాలకు పాకింది. 44 దేశాల పిల్లలు చేయి కలిపారు. ఈ రోజు పిల్లల నిత్యారణ్యం అనే పేరుతో 22,000 హెక్టార్లకు పైగా అడవి అక్కడ నిలిచి ఉంది. ఆ దేశంలో ప్రభుత్వానిది కాని రక్షిత అడవులలో అన్నిటికంటే పెద్దది అదే. ఐదు రొట్టెలు తెచ్చిన చిన్నవాడు మనకు గుర్తుకు రాకమానడు.

అయితే పైన అడవి నిలిచినంత మాత్రాన అంతా బాగుపడలేదు. ఆ కొండల్లో గంటపక్షి అని ఒక పక్షి ఉంది. మగపక్షి ముక్కు దగ్గర మూడు తోలుపోగులు వేలాడుతుంటాయి. దాని కూత గంట మోగినట్టు చాలా దూరం వినిపిస్తుంది. మార్చి నుండి జూన్ వరకు అది పై అడవిలో గూడు కట్టి పిల్లలను లేపుతుంది. తరువాత అడవి అవకాడో పండ్లను వెదుక్కుంటూ పసిఫిక్ వైపు వాలులోకి దిగుతుంది. ఆ తరువాత ఇంకా దూరం, నికరాగువా దాకా పోతుంది. పై అడవికి కావలి ఉంది. కింది వాలులో ఉన్నవి చిన్నరైతుల పొలాలు, బయళ్లు, కాఫీ తోటలు. అక్కడ చెట్టు లేకపోతే పైనున్న అడవి ఎంత భద్రంగా ఉన్నా పక్షికి ఆకలి తీరదు. ఆ చెట్టు ఉండాలా వద్దా అని నిర్ణయించేది ఆ పొలంగల కుటుంబమే. మొక్కలు నాటడానికి వచ్చే విద్యార్థులకు రైతు ఇంటి గడపే మొదటి పాఠశాల అయిందంటే కారణం ఇదే.

ఆ ఇంటి అన్నం

1986లో ఏర్పడిన మోంటెవెర్డే ఇన్‌స్టిట్యూట్ వంటి స్థానిక సంస్థలు విదేశీ విద్యార్థి బృందాలను ఆహ్వానించి, చుట్టుపక్కల ఊళ్లలోని కుటుంబాల దగ్గర ఉంచుతాయి. బసకూ భోజనానికీ ఆ ఇంటివారికి నిర్ణయించిన సొమ్ము ముడుతుంది. చాలా ఇళ్లలో అది ఇల్లాలి చేతికి వచ్చే ఆదాయం.

పొద్దున్నే పెట్టే ఫలహారం పేరు గాయో పింటో. రాత్రి మిగిలిన అన్నాన్ని నల్లచిక్కుడు గింజలతో, ఉల్లిపాయ, కొత్తిమీర వేసి వేయించి పెడతారు. మన ఇళ్లలో చద్దన్నానికి తాలింపు పెట్టినట్టే. మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, పక్కన మళ్లీ చిక్కుడు గింజలు. పెద్ద నగరాల్లో రోజుకొక రుచి మరిగిన పిల్లలకు ఇది మొదటి పరీక్ష. గుమ్మం బయట బురద బూట్లు విప్పాలి. స్నానానికి వంతు రావాలి. ఆ ఇంటి చంటిపిల్లలు తమ మాటలకు నవ్వుతుంటే ఓర్చుకోవాలి. కోస్టారికాలో మరో చక్కని మర్యాద ఉంది. స్పానిషు భాషలో మన 'మీరు' వంటి గౌరవ పదాన్ని అక్కడ చాలా కుటుంబాల్లో తల్లి తన చిన్నబిడ్డతో కూడా వాడుతుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ కుర్రవాడికి గౌరవం దొరుకుతుంది, గౌరవించడమూ అలవాటవుతుంది.

ఇంటి తల్లి తెల్లవారకముందే లేవడం, గృహస్థుడు వానలో పాలు పితకడానికి వెళ్లడం ఆ పిల్లవాడు చూస్తాడు. అప్పుడు, పొలంలో తాను నాటబోయే మొక్క ఎవరి గడ్డిని కొంత ఆక్రమిస్తుందో, ఎవరి ఆవుకు నీడ అవుతుందో అతనికి తెలుస్తుంది. బస్సు దిగి, నాటి, మళ్లీ బస్సు ఎక్కినవాడికి ఈ సంగతి తెలియదు.

షూనేములో ఎలీషాకు భోజనం పెట్టిన స్త్రీ సంగతి 2 రాజులు 4వ అధ్యాయంలో ఉంది. ఆమె తన భర్తతో చెప్పి, మిద్దెమీద చిన్న గది కట్టించి, మంచం, బల్ల, పీట, దీపస్తంభం అమర్చింది. ప్రవక్త ఆ గదిలో పడుకుని ఊరుకోలేదు. నీకు నేనేమి చేయగలనని ఆమెను అడిగించాడు. తనకేమీ కొరతలేదని ఆమె చెప్పినా, ఆ ఇంటి లోపలి దుఃఖం ఏమిటో తెలుసుకునేవరకు విడిచిపెట్టలేదు. ఆతిథ్యం పొందినవాడు ఆ ఇంటి అవసరం తెలుసుకోవాలి. తన సంచిలో తెచ్చిన సేవను అడగకుండా వడ్డించకూడదు.

మొక్కకు మూడేళ్లు

మోంటెవెర్డేలో వానకాలం మే నుండి నవంబరు వరకు. మొక్కలు నాటడం వానలు పట్టుకున్నాక మొదలవుతుంది. దానికి ఎంతో ముందే పని ఆరంభమై ఉంటుంది. అడవిలో రాలిన గింజలను ఏరి, నర్సరీలో సంచుల్లో పెంచుతారు. గంటపక్షి తినే అడవి అవకాడో జాతులు అందులో ముఖ్యం. మొక్క కావాలని కోరిన రైతు పొలంలోనే నాటుతారు. ఊట చుట్టూ నాటాలా, గాలి వచ్చే గట్టున నాటాలా అనేది రైతు చెబుతాడు.

నాటిన తరువాతే అసలు పని. ఆఫ్రికానుండి తెచ్చి పెంచిన పశుగ్రాసం అక్కడి బయళ్లలో మోకాలెత్తు పెరుగుతుంది. చుట్టూ గడ్డి కోయకపోతే ఆ గడ్డే లేత మొక్కను నొక్కి చంపుతుంది. కంచె లేకపోతే ఆవు ఒక్క పూటలో కొరికేస్తుంది. మొక్క గడ్డిని మించి ఎదిగేవరకు, రెండు మూడేళ్లు, ఎవరో ఒకరు కొడవలి పట్టుకుని వెళ్తూనే ఉండాలి. జూన్‌లో నాటిన విద్యార్థి ఆగస్టుకు తన కాలేజీలో ఉంటాడు. కొడవలి ఆ ఇంటివారి చేతిలో ఉంటుంది. అందుకే మంచి యాత్రల్లో కొత్తగా వచ్చిన బృందం కొత్త మొక్కలు నాటడంతో సరిపెట్టుకోదు. ముందటి ఏడు ఎవరో నాటిన వాటి చుట్టూ గడ్డి కోస్తుంది, చచ్చినవాటిని లెక్కపెడుతుంది. ఎవరికీ ఫొటో తీసుకోవాలనిపించని పని అది. మొక్కను బ్రతికించేది ఆ పనే.

లేవీయకాండము 19వ అధ్యాయం 23 నుండి 25 వచనాలలో దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన కట్టడ ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. వాగ్దానదేశంలో ఫలవృక్షాలు నాటినప్పుడు మొదటి మూడేళ్ల కాపు ముట్టకూడదు. నాలుగో ఏటి ఫలం యెహోవాకు ప్రతిష్ఠితం. ఐదో ఏట తినవచ్చు. నాటిన చేతికి ఓర్పు నేర్పే కట్టడ అది. కొరింథులో తాను నాటితే అపొల్లో నీళ్లు పోశాడనీ, వృద్ధి కలుగజేసినవాడు దేవుడేననీ పౌలు రాశాడు (1 కొరింథీ 3:6). నాటినవాడి పేరు ఒక్కటే బల్లమీద చెక్కించి, నీళ్లు పోసినవాడిని మరచిపోయే అలవాటుకు ఈ వచనం చాలు.

చేదు సంగతులు కూడా

ఈ యాత్రల గురించి మంచి మాత్రమే చెబితే అది సగం సత్యమే అవుతుంది. వేల మైళ్లు విమానంలో ఎగిరి వచ్చి పది మొక్కలు నాటితే, ఆ విమానం వదిలిన పొగకు ఆ మొక్కలు సమాధానం చెప్పలేవు. యాత్ర వ్యాపారంగా మారినచోట స్థానిక కూలీ చేయవలసిన పనిని డబ్బు కట్టిన విద్యార్థి చేస్తాడు, అదీ అరకొరగా. పైగా అతిథుల మీదే బ్రతికే ఊరికి ఒక భయం ఉంటుంది. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు మోంటెవెర్డేకు యాత్రికుల రాక ఆగిపోయింది. దానితోపాటు అనేక ఇళ్ల ఆదాయమూ ఆగింది. పొలాన్నీ పాడినీ పూర్తిగా వదిలేసుకున్న ఇల్లు అటువంటి రోజున ఎక్కువ కష్టపడుతుంది. అతిథి సొమ్ము కూరలో ఉప్పులా ఉండాలే గాని అదే అన్నం కాకూడదు.

మరొక నష్టం పూడ్చరానిది. ఆ కొండమీద మాత్రమే బ్రతికిన బంగారువన్నె కప్ప 1987లో 1,500కు పైగా లెక్కకు వచ్చింది. 1989లో ఒక్కటి కనిపించింది. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. చక్కగా కాపాడిన అడవిలోనే ఇది జరిగింది. మనం నాటగలిగినవి కొన్ని, తిరిగి తేలేనివి కొన్ని.

అయినా నిరాశపడనక్కరలేదు. 1996లో కోస్టారికా అడవిని నరికి వేరే ఉపయోగానికి మార్చడాన్ని చట్టంతో నిషేధించింది. మరుసటి ఏటినుండి చెట్లు కాపాడే రైతుకు ఇంధన పన్నులో కొంత భాగం చెల్లిస్తోంది. ఈనాడు ఆ దేశంలో సగానికి పైగా భూమిమీద మళ్లీ చెట్టు నిలిచింది. విద్యార్థులు నాటినవి అందులో చాలా తక్కువ. ఎక్కువ భాగం రైతులు నరకకుండా వదిలినందువల్ల తనంత తానే లేచిన అడవి. యాత్రకు వెళ్లేవారు వినయంతో ఒప్పుకోవలసిన లెక్క ఇది.

మన సంఘాల సంగతి

ఇక మన ఇంటికి వద్దాం. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవం ఏటా జూలైలో మనమూ జరుపుకొంటున్నాం. ప్రతి ఏడూ అదే గుంటలో కొత్త మొక్క అని జనం నవ్వుకోవడమూ మనకు తెలుసు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యగారు మాత్రం సైకిలు మీద మొక్కలూ గింజలూ పెట్టుకుని తిరిగి, కోటికి పైగా మొక్కలు నాటినవాడిగా వనజీవి అనే పేరు పొందారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 ఏప్రిల్‌లో మరణించేవరకు ఆయన ధ్యాస చెట్టుమీదే. ఆయన బస్సు ఎక్కి దూరదేశం పోలేదు. తన ఊరి బాట వెంటే తిరిగారు.

మన పట్టణ సంఘాల యౌవనులు విదేశం పోనక్కరలేదు. ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో మన సంఘమే ఒకటి పల్లెలో ఉంటుంది. వానలు పడ్డాక నాలుగు రోజులు అక్కడి విశ్వాసుల ఇళ్లలో ఇద్దరిద్దరు చొప్పున బస చేసి, వారి గుడి ఆవరణలో, వారి పెరళ్లలో మొక్కలు నాటి రావచ్చు. దానికి కొన్ని జాగ్రత్తలు కావాలి.

మొదటిది కంచం సంగతి. అనేక గ్రామాల్లో మన సంఘం ఊరి చివర పేటలో ఉంది. ఆ పేటలో అడుగుపెట్టని చుట్టాలు, ఆ పేటవారికి వేరే గ్లాసు పెట్టే టీకొట్లు ఇంకా చూస్తూనే ఉన్నాం. పట్టణంనుండి వెళ్లిన మన పిల్లలు ఆరాధనలో వారి పక్కన కూర్చుని, భోజనానికి మాత్రం బయటినుండి పొట్లాలు తెప్పించుకుంటే ఆ ఇంటి తల్లికి అర్థమయ్యే ప్రసంగం అదే. ఆ తరువాత ఎన్ని మొక్కలు నాటినా ఆ గాయానికి మందు కాదు. నీళ్లు మరగబెట్టుకుని తాగడంలో తప్పులేదు. వాళ్లు పెట్టింది తినకపోవడం, ప్రభువు చెప్పిన మాటను మీరడమే.

రెండవది ఖర్చు. మన పల్లెవాళ్లు అతిథి వస్తున్నాడంటే అప్పు చేసైనా కోడిని కోస్తారు. వారి ప్రేమ వారికి భారం కాకూడదు. ఎన్ని పూటలు, ఏమి వండాలి అనేది స్థానిక కాపరిగారితోనూ, స్త్రీల సమాజంతోనూ ముందే అనుకుని, అన్ని ఇళ్లకూ ఒకటే వంట ఏర్పాటు చేయాలి. బియ్యం, పప్పు, నూనెల ఖర్చు ముందుగానే ఇల్లాలి చేతికి ఇవ్వాలి. గిన్నెలు తోమడం, నీళ్లు మోయడం అబ్బాయిలకు కూడా నేర్పండి. ఆడపిల్లలు ఎవరి ఇంట్లో ఉంటారో తల్లిదండ్రులకు తెలియాలి. ఆ ఇంట్లో పెద్ద స్త్రీ ఉండాలి. ఎవరినీ ఒంటరిగా ఉంచకూడదు.

మూడవది మొక్క. ఏ మొక్క కావాలో ఇంటివారిని అడగండి. ఒకరు వేప అంటారు, మరొకరు మునగ, ఉసిరి, నేరేడు అంటారు. గుడి ముందు కానుగ నీడ కావాలనవచ్చు. వేగంగా పెరుగుతుందని పరాయి మొక్కను వారిమీద రుద్దవద్దు. వానలకు ముందే అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంట తీయించి ఆరబెట్టాలి. మేకలకు అందకుండా చుట్టూ రేగుకంపో తుమ్మకంపో గట్టిగా నాటాలి. వేసవికి పక్కనే అడుగున చిన్న చిల్లు పెట్టిన మట్టికుండ పాతితే, రెండు మూడు రోజులకొకసారి నింపినా తడి నిలుస్తుంది. ఒక్కో ఇంటికి రెండో మూడో మొక్కలు చాలు. వంద మొక్కల బ్యానరు కంటే, బ్రతికిన పది చెట్ల నీడ మేలు.

నాలుగవది తిరిగి వెళ్లడం. ఏప్రిల్ ఎండల్లో అదే ఇద్దరు అదే ఇంటికి వెళ్లి ఒక పూట ఉండి రావాలి. మొక్క చనిపోతే ఆ ఇంటివారిని నిందించవద్దు. బోరు ఎండిందేమో, ఆ ఇంటి మనిషి వలస పోయాడేమో, ఆ సంగతి వినండి. మూడేళ్లు అలా తిరిగితే ఆ ఇల్లు మీ పిల్లలకు రెండో ఇల్లవుతుంది. ఆ ఇంటి పిల్లవాడు పరీక్షలకో ఆసుపత్రికో పట్టణానికి వచ్చినప్పుడు మన ఇంట్లో దిగుతాడు. అప్పుడు ఆతిథ్యం రెండు వైపులా నడుస్తుంది. పట్టణపువాడు ఇచ్చేవాడు, పల్లెవాడు పుచ్చుకునేవాడు అన్న లెక్క చెరిగిపోతుంది.

బెయేర్షెబాలో అబ్రాహాము బావి విషయమై అబీమెలెకుతో నిబంధన చేసుకున్న తరువాత అక్కడ ఒక పిచుల వృక్షం నాటి దేవునికి ప్రార్థన చేశాడని ఆదికాండము 21వ అధ్యాయం చెబుతోంది. ముందు పొరుగువాడితో తగవు తీరింది, నీళ్ల సంగతి తేలింది, మాట ఖాయమైంది. తరువాత చెట్టు. పరదేశిగా తిరిగిన ఆ పితరుడు అక్కడ చాలా దినాలు ఉన్నాడు. ఈ వానకాలంలో మన యౌవనులను పంపేముందు, వారి చేతికి మొక్క ఇవ్వడానికి ముందు, ఒక ఇంటి పేరు ఇద్దాం. ఆ ఇంటివారి కొరకు పేరుపేరున ప్రార్థించి పంపుదాం.

యౌవనుల కూటంలో మాట్లాడుకోవడానికి

1. లూకా 10:5-8 చదవండి. ఇంతకంటే మంచి ఇంటికి మారకూడదని ప్రభువు ఎందుకు చెప్పి ఉంటారు?

2. మన సంఘం గత ఐదేళ్లలో నాటిన మొక్కలు ఎన్ని? ఇప్పుడు బ్రతికి ఉన్నవి ఎన్ని? వాటికి నీళ్లు పోసింది ఎవరు? వచ్చే ఆదివారంలోపు వెళ్లి లెక్కపెట్టి రండి.

3. మనం ఎన్నడూ భోజనం చేయని విశ్వాసుల ఇళ్లు మన సంఘ పరిధిలో ఉన్నాయా? ఎందుకు చేయలేదు?

4. ఒక గ్రామ సంఘానికి వెళ్లాలనుకుంటే, మనం ఏమి తెస్తామో చెప్పడానికి ముందు, వారిని ఏమి అడగాలి?